పక్కోని సాంచె

అడాజన్, సూరత్
14 నవంబర్ 2024

లక్ష్మీరాజం బావకు,

27 అక్టోబర్, ఆదివారం. నీరజ ఆరున్నరకు లేచింది. గురువారం నుంచి ఉన్న తలనొప్పి ఆ రోజూ ఉంది. నీ మేనకోడలు వర్షిణికి అటుకులు చేసింది. తను తినలేదు. ఆ వారం ఆఫీసు వంతు ఆమెది. వంతు అంటే సెలవు రోజైనా లాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఉండాలి. ఎక్కడ ఏది ఆగినా సిస్టం ఒక ఫిర్యాదు పంపుతుంది. దాన్ని మేం టికెట్ అంటాం. పదిహేను నిమిషాల్లో అందుకోవాలి. ఆమెకు అది వరుసగా ఐదో వారం. ఆ వంతు పంచుకునే ఇద్దరిని సెప్టెంబర్‌లో తీసేశారు.

పొద్దున మూడు టికెట్లు వచ్చాయి. మూడూ చూసింది. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని వాంతి చేసుకుంది. డాక్టర్ దగ్గరికి పోదామన్నాను. దీపావళి సేల్ అయ్యాక పోదామంది. నాలుగింటికి వర్షిణి ట్యూషన్‌కు వెళ్లింది. నాలుగు యాభైకి ఇంకో టికెట్. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మేవాళ్లకు పార్సిల్ మీద అంటించే చిరునామా చీటీలు ప్రింట్ కావడం లేదు. వెలుతురు చూడలేకపోతున్నానని నీరజ పడకగదిలో కర్టెన్ వేసుకుని పడుకుంది. టికెట్ ఆరూ పదికి మూసినట్టు కంపెనీ రికార్డులో ఉంది. ఆరూ ఇరవైకి నేను చాయ్ తీసుకెళ్లాను. మూతి ఒక పక్కకు పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. మాట లేదు. ఆరూ నలభైకి 108 వచ్చింది. తలలో రక్తనాళం పగిలిందన్నారు. తొమ్మిదింపావుకు పోయింది.

పదకొండో రోజు అయ్యాక స్టేషన్‌లో నువ్వు అడిగింది ఇదే. నేను చెప్పింది ఆ రద్దీలో నీకు వినబడలేదు. ముప్పై ఏళ్లు సాంచెల మోతలో, ఆ మరమగ్గాల మధ్య పనిచేసిన చెవులకు ఫోన్‌లో చెప్పి లాభం లేదు. అందుకే రాశాను. నీ చెల్లెలి ఆఖరి రోజు ఏం జరిగిందో తెలుసుకునే హక్కు నీకుంది.

వర్షిణి బడికి పోతోంది. టిఫిన్ డబ్బా తనే సర్దుకుంటోంది.

రవీంద్ర

*

సిరిసిల్ల
25 నవంబర్ 2024

రవీందర్ బావకు,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివిన. పోలీసోని పంచనామా లెక్క రాసినవ్. పోయింది మనిషి, గడియారం కాదు.

గురువారం నుంచి తలకాయ నొస్తుంటే ఆదివారం దాక పనేంది? అసలు ఆదివారం పనేంది? నేను సూరత్ పక్కన ఉన్‌ల పనిచేసిన కార్ఖానా సేఠ్ పెద్ద దొంగ. గా దొంగ కూడ వారానికొక్క దినం కరెంటు బందు పెడుతుండె. సాంచెలు ఆగుతుండె. మేం బట్టలు ఉతుక్కుంటుంటిమి, పిల్లలను ఎత్తుకుంటుంటిమి. మీ సేఠ్ ఏంది, ఇంట్లకు వచ్చి, మంచం పక్కకు వచ్చి సాంచె నడుపుమంటడా?

ఏసీల కూసునే కొలువని మా అవ్వ వాడకట్టంత చెప్పుకున్నది. టీంకు లీడ్ అయ్యిందని నువ్వు డుమస్ సముద్రం ఒడ్డుకు తీస్కపోయి టమాట భజియలు తినిపించినవంట. నీరజ నాకు రాసింది. ఎవ్వలకు లీడ్ బావా? దాని కింద ఒక్కడన్న ఉండెనా?

ఇంకో ముచ్చట. గుడ్డల తప్పు పట్టుడు నా పని. నాలుగు యాభైకి పడుకున్నదని రాస్తివి. ఆరూ పదికి టికెట్ మూసినట్టు ఉన్నదని రాస్తివి. కర్టెనేసుకొని పండుకున్న మనిషి గదెట్ల మూసింది? గీడ ఒక పోగు తెగింది. నువ్వు ముడేసి, మీదికెళ్లి నేసుకుంట పోయినవ్. నాకు చెవులే పోయినయ్. కండ్లున్నయ్.

పిల్ల పైలం.

లక్ష్మీరాజం

*

అడాజన్, సూరత్
10 డిసెంబర్ 2024

బావకు,

రికార్డులో ఉన్నదే రాశాను.

మా ఇద్దరి ఆఫీసులో సంతాప సభ పెట్టారు. పెద్ద స్క్రీన్ మీద నీరజ ఫోటో. రెండు నిమిషాలు నిలబడమన్నారు. ఒక నిమిషం దాటిందో లేదో ఒక అబ్బాయి ఫోన్ మోగింది. టికెట్. బయటికి వెళ్లి అందుకున్నాడు. మేం మిగతా నిమిషం నిలబడ్డాం.

తర్వాత రుచిత నన్ను తన గదిలోకి పిలిచింది. ఉద్యోగుల వ్యవహారాలు ఆమె చూస్తుంది.

“రవీంద్రభాయ్, నీరజాబెన్ మాకు ఫ్యామిలీ” అంది.

“ఫ్యామిలీలో ముగ్గురు చేసే పని ఒక్కరికి ఇచ్చారు” అన్నాను.

“మీరు బాధలో ఉన్నారు. చాయ్ తీసుకుంటారా?”

“వద్దు.”

ఒక కాగితం ముందు పెట్టింది. ఉద్యోగి 27వ తేదీన మామూలు ఆరోగ్యంతో ఉండి, ఆరూ పదికి పని ముగించింది. ఆ తర్వాత జరిగినదానికి పనితో సంబంధం లేదు. భర్తగా నేను దీన్ని ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. పెడితే వర్షిణి చదువు డిగ్రీ దాకా కంపెనీది. నా ఉద్యోగానికీ ఢోకా లేదు. మార్చి పది దాకా గడువు. “తొందరేం లేదు” అని రెండుసార్లు అంది.

నీకు ఇంకొకటి చెప్పాలి. నీరజ బీరువాలో ఒక కాగితం దొరికింది. పైన ఇంగ్లిష్‌లో ఒకే వాక్యం: మేం యూనియన్‌గా నమోదు కావాలనుకుంటున్నాం. కింద పెన్సిల్‌తో ఒక వృత్తం. దాని చుట్టూ ఏడు సంతకాలు, ఎవరిది మొదటిదో తెలియకుండా. ఒకటి ఆమెది. వృత్తాన్ని పోపుల డబ్బా మూత పెట్టి గీసింది. మూత తెచ్చి పెట్టి చూశాను, సరిపోయింది. కంప్యూటర్ పని చేసేవాళ్లకు ఈ తెలివి రాదు. ఎవరు నేర్పారు?

ఆగస్టులో నన్ను అడిగింది, సంతకం పెడతావా అని. వద్దన్నాను. నీరజకు చెప్పిన కారణాలే నీకూ రాస్తున్నాను. మాది అరవై మంది కంపెనీ. ఒకడి జీతం ఇంకొకడికి తెలియదు, ఒకడి కష్టం ఇంకొకడిది కాదు. బాగా చేసేవాడు జీతం పెంచమని తనే అడిగి పెంచుకుంటాడు. యూనియన్ వస్తే అందరికీ ఒకటే కొలత అంటారు. నచ్చకపోతే మానేసి పక్క కంపెనీకి పోవచ్చు, మగ్గం కార్మికుడికి ఆ వీలు లేదు. గొడవ మొదలైతే కంపెనీ పనిని ఇంకో ఊరికి మార్చేస్తుంది. పేరు బయటపడితే ఇంకెక్కడా ఉద్యోగం రాదు. పైగా ఆమె లీడ్. లీడ్ కార్మికురాలు కాదని రేపు లాయర్‌తో చెప్పిస్తారు. ఆ పేరు అందుకే ఇచ్చారేమో అని అప్పుడు నాకు తోచలేదు. డుమస్ తీసుకెళ్లాను.

అన్నీ విని నీరజ అంది, “నువ్వు చెప్పినయన్నీ నిజమే. మరి ఆదివారం ఎవరు చూడాలె?”

నమోదుకు కనీసం ఏడుగురు కావాలి. ఇప్పుడు ఆరుగురే ఉన్నారు. వాళ్లలో రాజ్‌కిరణ్ అనే కుర్రాడు, ఇక్కడి బ్యాంకు ఉద్యోగి కొడుకు, ఇంటికి వచ్చాడు. “రవీంద్ర గారూ, మేడం చోటు ఖాళీగా ఉంది” అన్నాడు.

రవీంద్ర

*

సిరిసిల్ల
22 డిసెంబర్ 2024

బావకు,

నేర్పింది నేనే.

జూన్‌ల నీరజ రాసింది. అన్నా, మీరు ఉన్‌ల యూనియన్ ఎట్ల పెట్టిన్రు, మొదలు పేరు ఎవరిది రాసిన్రు అని. మొదలు పేరంటూ ఉండొద్దు చెల్లె, గుండ్రంగ పెట్టుండ్రి, మేం చాయ్ సాసర్ బోర్లించి గీసినం అని రాసిన. సేఠ్‌కు తల దొరికితే తల తెంపుతడు. చక్రానికి తల లేదు. ఇంకొకటి కూడ రాసిన, నీ మొగడు పెట్టెదాక నువ్వు పెట్టకు అని. గది ఇనలే.

దుఃఖంల ఉన్నవని నీకు చెప్పలే. చెప్తే నువ్వు నన్ను అంటవని కూడ చెప్పలే.

నీ కారణాలు చదివిన. చదువుకున్నోనివి, మంచిగ పేర్చినవ్. నావి ఇను. వారానికొక్క దినం కరెంటు బందు అని మొన్న రాస్తి. సేఠ్ పుణ్యానికి ఇచ్చిండనుకున్నవా? ఇరవై రెండు దినాలు సాంచెలు ఆపితే ఇచ్చిండు. ఎవని చెయ్యన్న సాంచెల పడితే దవాఖానకు తోలుడు, యూనియన్ వచ్చినంకనే. గంతకు ముందు చేతికి గుడ్డ చుట్టి ఇంటికి తోలుతుండె.

అటు దిక్కు కూడ ఇను. మా లీడర్ మూడేండ్లకు సేఠ్ కార్ల తిరిగిండు. రెండో హర్తాళ్ వద్దని సగం మందిమి మొత్తుకుంటే ఇనలే. మీసం తిప్పి పెట్టిచ్చిండు. సేఠ్ ఏం జేసిండు? లారీలు తెచ్చి సాంచెలన్ని ఎక్కించుకొని పోయిండు. ముప్పై ఎనిమిది కుటుంబాలు. మూటలు గట్టుకొని నేను సిరిసిల్ల వచ్చిన. ఆ లీడర్‌కు మాత్రం సూరత్ వరాఛాల దుకాణం. మీ సేఠ్‌కు లారీ కూడ అక్కర్లేదు. ఒక్క మీట ఒత్తితె మీ సాంచెలు ఇంకో ఊర్ల ఆడుతయ్.

గందుకే పెట్టమని నేను చెప్ప. పెట్టొద్దని కూడ చెప్ప. రుచితమ్మ కాగితం మీద మాత్రం పెట్టకు. పెట్టినవంటే ఇగ మా గడప తొక్కకు.

పోగు ముచ్చట తప్పించుకున్నవ్. మళ్ల అడుగుతున్న. ఆరూ పదికి ఎవరు మూసిన్రు?

లక్ష్మీరాజం

*

అడాజన్, సూరత్
12 జనవరి 2025

బావకు,

నేను మూశాను.

నాలుగు యాభై రెండుకి నీరజ తన లాప్‌టాప్ నా చేతికిచ్చింది. “జర నువ్వు చూడవా, అక్షరాలు రెండుగ కనిపిస్తున్నయ్” అంది. నాదీ అదే కంపెనీ, వేరే టీం. ఆమె పాస్‌వర్డ్ నాకు తెలుసు. ఒకరి పాస్‌వర్డ్‌తో ఇంకొకరు పనిచేస్తే ఉద్యోగం పోతుంది. చేరిన రోజే ఆ కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టాం. అయినా తీసుకున్నాను. కీబోర్డ్ చప్పుడుకు లేస్తుందేమోనని పడకగది తలుపు మూశాను. హాల్లో కూర్చున్నాను.

అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయన్న మాట నేను విన్నాను. విని, టికెట్ చూశాను.

ఆ టికెట్ వదిలేస్తే మేనేజర్‌కు ఫోన్ వెళ్లేది. ఆమె పేరు మీద ఒక మచ్చ పడేది. యూనియన్ మాట ఎత్తుతోందని అప్పటికే గుసగుసలున్నాయి. వాళ్లకు కారణం దొరకకూడదనుకున్నాను. ఆగస్టులో సంతకం వద్దన్న మనిషిని కదా, నా పద్ధతిలో ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఎవరికీ తెలియకుండా, ఆమె పేరుతో, ఆమె పని చేసిపెట్టడం. ఆ రోజు నాకు తెలిసిన రక్షణ అదొక్కటే.

ఐదున్నర ప్రాంతంలో ఒకసారి పిలిచింది. “రెండు నిమిషాలు” అన్నాను. మళ్లీ పిలవలేదు. నిద్ర పట్టిందనుకున్నాను.

ఆరూ పదికి చీటీలు ప్రింట్ అయ్యాయి. “సూపర్, నీరజా” అని మేనేజర్ మెసేజ్ పెట్టాడు. “పర్వాలేదు సార్” అని ఆమె పేరుతో నేను జవాబిచ్చాను. తర్వాత చాయ్ పెట్టాను. అల్లం దంచి పెట్టాను.

ఎప్పుడు మొదలైందని డాక్టర్ అడిగాడు. ఆరూ ఇరవై అన్నాను. నర్సు అదే రాసుకుంది.

ఇప్పుడు రుచిత కాగితంలో ఉన్న ప్రతి అక్షరానికీ సాక్ష్యం ఉంది. ఆరూ పదికి ఆరోగ్యంగా పని ముగించింది, మేనేజర్‌కు జవాబు కూడా ఇచ్చింది. ఆ సాక్ష్యం తయారుచేసింది నేను. కంపెనీ మీద నాకున్న కోపం ఎంతో నీకు చెప్పలేను. లిఫ్ట్‌లో మేనేజర్ పక్కన నిలబడితే నా చేతులు జేబులో పెట్టుకోవాల్సి వస్తోంది. కానీ ఆ కోపం ఎప్పుడు నోటిదాకా వచ్చినా, ముందు ఆ రెండు నిమిషాలు అడ్డం వస్తున్నాయి.

నువ్వు అడిగావు కాబట్టి రాశాను. క్షమించమని అడగడం లేదు.

రవీంద్ర

*

సిరిసిల్ల
20 జనవరి 2025

రవీందర్‌కు,

చదివిన.

పిలిస్తె పోలేదు నువ్వు.

ఇగ నాకు రాయకు.

ల.

*

సిరిసిల్ల
18 ఫిబ్రవరి 2025

బావకు,

నెల అయ్యింది. నిన్ను తిట్టుకుంట మూడు ఉత్తరాలు రాసి పొయ్యిల పెట్టిన. గిది నాలుగోది.

సోమలింగం అని నువ్వెరుగవు. ఉన్‌ల నా పక్కన ఎనిమిది సాంచెలు వానివి. మహా తుంటరి. దీపావళికి సేఠ్ ఇచ్చిన మిఠాయి డబ్బల మిఠాయి తిని, రాళ్లు నింపి, మళ్ల సేఠ్ టేబుల్ మీదనే పెట్టొచ్చినోడు. యూనియన్ పెట్టిన మొదటి ఏడు వానికి దగ్గు లేసింది. ఊపిరాడని దగ్గు. మూడు దినాలు నూలు సంచుల మీద పండుకున్నడు. ఇంటికి పోతె ఆ దినాల కూలి పోతది, నాలుగో దినం సాంచెలు ఇంకోనికి పోతయ్. వాని ఎనిమిది, నా ఎనిమిది, పదహారు సాంచెలు నేనే చూసిన.

సాంచెల మీద బతికేటోళ్లకు ఒక రివాజు ఉన్నది. పక్కోనికి పానం బాగలేకపోతె వాని సాంచె మనం చూస్తం. ఎవడు అడగడు, ఎవడు చెప్పడు. నేసిన మీటర్లు వాని పేరు మీదనే పడతయ్.

నాలుగో దినం వాడు పోయిండు. వాని పెండ్లాం కొమురవ్వను తీస్కొని యూనియనోళ్లం సేఠ్ దగ్గరికి పోయినం. సేఠ్ మీటర్ల కాగితం తీసి బల్ల మీద పెట్టిండు. “మొన్న దాక ఇన్ని మీటర్లు నేసిండు. రోగం ఏడిది?” అన్నడు. అందరు నా దిక్కు జూసిన్రు. గవి నేను నేసిన మీటర్లని కార్ఖానల అందరికి ఎరుకే. నేను చెప్తెనే చెల్లుతది. చెప్తె నా కొలువు పోతది. నేను నేల జూసిన.

గా దినం యూనియన్ ఓడింది. సేఠ్ ఓడగొట్టలే బావా. అప్పటికి నా చెవులు మంచిగనే ఉండె. కొమురవ్వ ఏడ్సుకుంట మెట్లు దిగుడు మంచిగ ఇనవడ్డది.

నీరజకు గప్పుడు పదకొండేండ్లు. నాకు సద్ది తెచ్చేది. పదహారు సాంచెల నడుమ నేను ఉరుకుతుంటె సద్ది పట్టుకొని నిలవడ్డది. “అన్నా, సోమలింగం మామను దవాఖానకు తీస్కపోవా?” అని అడిగింది. “జర ఆగు” అన్న.

నువ్వు రెండు నిమిషాలు అన్నవ్. నేను జర ఆగు అన్న.

నీకు మాఫీ చేసినట్టు కాదు గిది. గది నాకు చాతకాదు. కానీ ఒకటి ఎరుక. సేఠ్‌లు కాగితం సొంతంగ పుట్టియ్యరు. మనం దాచిపెట్టి చేసిన మంచిని తీసి మన మీదనే పెడతరు. నేను నోరు ఇప్పలే. నువ్వు ఇప్పు.

వర్షిణికి నువ్వుల లడ్డలు పంపుతున్న. పార్సిల్ మీద చీటీ నేనే చేతితోని రాసిన. ఏ కంప్యూటరోనికి తిప్పలు పెట్టలే.

లక్ష్మీరాజం

*

అడాజన్, సూరత్
9 మార్చి 2025, ఆదివారం

బావకు,

లడ్డూలు అందాయి. వర్షిణి రోజుకు ఒకటి చొప్పున దాచుకుని తింటోంది. ఇంకా ఐదు ఉన్నాయి.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు ఆరుగురినీ పిలిచాను. అడాజన్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. నీకు రాసినదంతా వాళ్లకు చెప్పాను. రెండు నిమిషాల మాట కూడా. రాజ్‌కిరణ్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

వాడే ముందు మాట్లాడాడు. “ఇది బయటపెడితే మీ ఉద్యోగం ఆ రోజే పోతుంది. ఆపైన మమ్మల్ని చూపించి, ఈ యూనియన్ వాళ్లంతా దొంగ పాస్‌వర్డ్‌ల వాళ్లే అంటారు. మేడం పేరు కూడా పాడుచేస్తారు.”

“అంటారు” అన్నాను.

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. యూనియన్ సంతకం ఒక్కటి పెట్టండి చాలు. మేడం గురించి తర్వాత పోరాడదాం.”

“ఆరూ పదికి నీరజ ఆరోగ్యంగా ఉందని కంపెనీ అంటే ఏమని పోరాడతావు?”

వాళ్లలో పెద్దావిడ, టెస్టింగ్ చేసే విజయశ్రీ, కోపంగా అంది, “అన్నా, నేను కూడా పోయిన నెల మా ఆయనతో రెండు టికెట్లు మూయించాను. పిల్లాడికి జ్వరం. ఇక్కడ ఎవరు చేయలేదో చెప్పమనండి.” ఒక కుర్రాడు తన గదిలో ఉండే స్నేహితుడి వంతు నెల రోజులు చేశానన్నాడు. ఇంకొకడు తన అన్న వంతు చేశానన్నాడు. బావా, ఆ చాయ్ బండి దగ్గర నిలబడ్డ ఏడుగురిలో నలుగురం పక్కవాడి సాంచె నడిపినవాళ్లమో, మా సాంచె నడిపించుకున్నవాళ్లమో. ఒకరి సంగతి ఒకరికి ఆ రోజే తెలిసింది. కంపెనీ దృష్టిలో మా దగ్గర ఎవరికీ ఎప్పుడూ జ్వరం రాలేదు.

చివరికి రాజ్‌కిరణ్ అన్నాడు, “సరే. కానీ ముందు సంతకం, తర్వాత నిజం. వరుస మాత్రం మార్చకండి. మిమ్మల్ని తీసేశాక సంతకం పెడితే మేం మళ్లీ ఆరుగురమే.” ఒప్పుకున్నాను.

ఇది గెలుస్తుందని నేను అనుకోవడం లేదు. ఆగస్టులో నీరజకు చెప్పిన కారణాల్లో ఒక్కటి కూడా అబద్ధం కాలేదు. పని ఇంకో ఊరికి పోవచ్చు. ఈ కుర్రాళ్లలో ఇద్దరికి ఇంటి అప్పులున్నాయి, ఒకడికి మేలో పెళ్లి. రేపు యూనియన్ పెద్దదైతే మీ లీడర్ లాంటివాడు అందులోంచీ రావచ్చు. ఇవన్నీ తెలిసే పెడుతున్నాను. తల నొప్పిగా ఉంది, ఈ రోజు నేను చేయను, అని ఒక మనిషి పగటి వెలుతురులో చెప్పగలిగే చోటు ఒకటి ఉండాలి. అది లేకపోతే మొగుళ్లు తలుపులు మూసి కూర్చుంటారు.

వర్షిణి చదువు గురించి భయం ఉంది. కంపెనీ కడతానన్నది వదులుకుంటున్నానని దానికి చెప్పాలి కదా. నిన్న సాయంత్రం చెప్పబోయాను. అదే ముందు అడిగింది.

“పప్పా, ఏక్ బాత్ పూఛూ? కోప్పడవు కదా?”

“అడుగు.”

“ఆ రోజు ట్యూషన్ తొందరగా వదిలేశారు. నేను ఆరింటికే ఇంటికి వచ్చాను. నువ్వు హాల్లో మమ్మీ లాప్‌టాప్ మీద ఉన్నావ్, నెమలి స్టికర్ ఉన్నది. నన్ను చూడలేదు. మమ్మీ రూమ్ తలుపు మూసి ఉంది. పడుకుంది కదా, లేపితే కోప్పడుతుంది అని నేను తలుపు తీయలేదు. కింద ఆడుకోవడానికి పోయాను.” మళ్లీ అడిగింది, “తీసి ఉంటే మమ్మీ బతికేదా?”

నాలుగు నెలలుగా ఆ పిల్ల ఇది మోస్తోంది. రోజూ పొద్దున నా ఎదురుగా కూర్చుని డబ్బా సర్దుకుంటూ మోసింది. నేను రికార్డు చూసుకుంటూ కూర్చున్నాను.

చెప్పాను. ఆ తలుపు మూసింది నేను, తీయాల్సింది కూడా నేనే, నువ్వు కాదు అని. మమ్మీ పిలిచిందని, నేను పోలేదని చెప్పాను. తర్వాత “ఆఫీసు వాళ్లకు తెలుసా?” అని అడిగింది. తెలియదన్నాను. “మరి నువ్వు చెప్పకపోతే వాళ్లు మమ్మీ ఠీక్ ఉందనే అంటారు కదా” అంది. అంటారన్నాను. చదువు డబ్బు సంగతి కూడా చెప్పాను. “ఆ డబ్బు నాకేం వద్దు” అని లేచి లోపలికి పోయింది. రాత్రి నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున కూడా మాట్లాడలేదు. మధ్యాహ్నం వచ్చి నా ప్లేటులో ఒక లడ్డూ పెట్టి పోయింది. అందుకే ఐదు.

ఇప్పుడు కూర్చుని రేపటి కాగితం రాశాను. ఇంగ్లిష్‌లో రాశాను. అర్థం ఇది: 27 అక్టోబర్ 2024, సాయంత్రం నాలుగు యాభై రెండు నుంచి ఆరూ పది వరకు నీరజ పేరు మీద పనిచేసింది నేను. ఆ సమయంలో ఆమె పక్క గదిలో ఉంది. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయని నాకు చెప్పింది. ఒకసారి నన్ను పిలిచింది. మీ మేనేజర్ మెచ్చుకున్నది నన్ను.

కోపంగా ఇంకో పేజీ రాశాను. చింపేశాను. ఈ ఐదు వాక్యాలు చాలు.

రేపు పొద్దున ఆరున్నరకు లేస్తాను. వర్షిణిని బడి బస్సు ఎక్కిస్తాను. కొత్త కాగితం మీద పోపుల డబ్బా మూతతో వృత్తం గీసి పెట్టాను, అది తీసుకుని పదిన్నరకు లేబర్ ఆఫీసు మెట్ల దగ్గర ఆరుగురినీ కలుస్తాను. ముందు వృత్తం మీద, తర్వాత లోపల వాళ్ల ఫారం మీద, ఏడో సంతకం పెడతాను. అక్కడి నుంచి నేరుగా రుచిత గదికి పోతాను. ఆమె ఇచ్చిన కాగితం సంతకం లేకుండా ఆమె బల్ల మీద పెడతాను. దాని మీద నేను రాసిన కాగితం పెడతాను. చదవడం అయ్యేదాకా నిలబడతాను. ఆమె రెండు నిమిషాలు బయట కూర్చోమంటే కూర్చోను.

రవీంద్ర